ఆత్మకూరుకు వచ్చిన సముద్రపు పడవ

కడపలో ఒక ఆడపిల్లల కాలేజీలో ఏళ్ళ తరబడి భూగోళశాస్త్రం చెబుతున్నాను. అందులో సముద్రపు అడుగు పాఠమంటే నాకు మహా ఇష్టం. తీరం ఎలా వాలుతుందో, ఎక్కడ లోయలోకి జారుతుందో నీలం సుద్దముక్కతో బోర్డు మీద గీస్తుంటే, కొత్త పిల్లలు నేను ఏ మచిలీపట్నంలోనో పుట్టి ఉంటాననుకుంటారు. నిజానికి నేను సముద్రం చూసింది రెండే సార్లు. రెండుసార్లూ మద్రాసులో, ఒడ్డున విడిచిన చెప్పులు ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని వెనక్కి చూస్తూ నిలబడ్డాను.

అందుకే నా పాత విద్యార్థిని ప్రసన్న ఫోన్ చేసినప్పుడు నమ్మలేదు. ఆ అమ్మాయి కాకినాడలో, తీరాన్నీ సముద్రపు అడుగునూ కొలిచే ఒక కంపెనీలో పనిచేస్తోంది. లేజరుతో ఒడ్డు, సోనారుతో అడుగు. వచ్చి చూడమని ఎప్పటినుంచో పిలుస్తోంది, నాకు ఎప్పటినుంచో తీరడం లేదు.

"మీరు సముద్రం దగ్గరికి వచ్చేటట్టు లేరు గదా మేడం, మా పడవే ఆత్మకూరికి వస్తాండాది" అంది.

శ్రీశైలం డ్యాం వెనక నిలిచిన కృష్ణ నీళ్ళలో ఎంత ఒండ్రు పేరుకుందో సర్కారు కోసం కొలవాలట. రాయలసీమలో వాన కొలిచే పనే ఏడాదికి నాలుగు రోజులు ఉండదు, సముద్రం కొలిచే పడవ వస్తే చూడకుండా ఎలా ఉంటాను? గుడ్ ఫ్రైడే, ఈస్టరు కలిసి మూడు రోజులు సెలవు దొరికింది.

శుక్రవారం ఉదయం ఆరు గంటల నంద్యాల బస్సు ఎక్కాను. మాది కిరాణా వ్యాపారం చేసే ఇల్లు. మా వాళ్ళకు ప్రయాణం అంటే ఊరు కాదు, పొట్లాలు. ఒక్క మనిషికి, మూడు రోజులకు, మా అత్తగారు కట్టిచ్చిన చిత్రాన్నం, ఓళిగలు, కారం బొరుగులు చూసి కండక్టరు ఆ సంచీకి కూడా టికెట్టు కొడతాడేమోనని భయపడ్డాను. మైదుకూరు దాటేసరికి ఎండ కిటికీలోంచి ఒళ్ళోకి వచ్చి కూర్చుంది. పక్కసీటు పెద్దాయన ఆళ్ళగడ్డకు మిరపకాయల బేరానికి పోతున్నాడు. నేను యాడికి పోతాండానని అడిగితే, సముద్రం కొలిచేవాళ్ళ దగ్గరికని చెప్పాను. ఆయన కొంచెంసేపు బయటి బీడు చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"మన పక్క సముద్రం యాడుండాదమ్మా? తాగేదానికే నీళ్ళు ల్యాకపాయ" అన్నాడు. ఒక ఓళిగ ఇచ్చి ఆ చర్చ ముగించాను.

నంద్యాలలో పదిన్నరకు దిగి ఉగ్గాని, బజ్జీ తిన్నాను. పొట్లాలు ఉండగా హోటలుకు ఎందుకు పోయావంటే, నంద్యాల బస్టాండులో ఉగ్గాని వాసన వస్తుంటే ఇంటి పొట్లానికి విశ్వాసంగా ఉండడం నా వల్ల కాదు. అక్కడినుంచి వెలుగోడు మీదుగా ఆత్మకూరు బస్సు. నల్లమల కొండలు కుడివైపున వెంటే వస్తూ ఉంటాయి, బస్సులో మాత్రం గాలి రాదు. మీలో ఎవరైనా ఈ దారిన పోతే ఎడమవైపు కిటికీ పట్టుకోండి, మధ్యాహ్నం దాకా నీడ అటే.

ఆత్మకూరులో బట్టలకొట్టు పైనున్న లాడ్జీలో సర్వేవాళ్ళు దిగారు. ప్రసన్న గది పక్కనే నాకూ ఒక గది చెప్పి ఉంచింది. గదిలో ఫ్యాను ఉంది, కరెంటు మాత్రం ఫ్యాను ఉన్నందుకు పూచీ పడలేదు. ఈ పటాలానికి పెద్ద సూర్రావు గారు. ఇరవై ఏళ్ళుగా తీరం కొలుస్తున్న కాకినాడ మనిషి. ఎదురు పడగానే ఆయన చెప్పిన మొదటి సంగతి మా కారం గురించి. రెండో సంగతి, కనుచూపు మేర నీళ్ళున్నా ఇక్కడ ఎవరికీ చేపల పులుసు పెట్టడం రాదని.

"మా పక్క అయితే విమానంలోంచి ఆకుపచ్చ లేజరు కొడతామండి. నీళ్ళలోంచి అడుగుదాకా దిగి తిరిగొచ్చేద్ది. ఒడ్డూ అడుగూ ఒక్క దెబ్బతో అయిపోతాయి. మీ నీళ్ళు టీ లాగున్నాయండి, లేజరు పైనే ఆగిపోద్ది" అని మా నీళ్ళకు మార్కులు వేశారు. అందుకని ఇక్కడ విమానం లేదు. ఒడ్డును మాత్రం ముక్కాలి స్టాండు మీద పెట్టిన లేజరు యంత్రం కొలుస్తుంది. అడుగును పడవ కింద కట్టిన సోనార్ కొలుస్తుంది. అది చప్పుడు పంపి, అడుగుకు తగిలి తిరిగిరావడానికి ఎంతసేపు పట్టిందో చూసి లోతు చెబుతుంది.

సాయంత్రం ప్రసన్న తన పని చూపించింది. పొద్దున పడవ కొలుచుకొచ్చిన చుక్కలన్నీ కంప్యూటరులో పోసి, అక్కరలేనివి ఏరెయ్యడం ఆమె వంతు. మా ఇళ్ళలో బియ్యంలో రాళ్ళు ఏరినట్టే. ముందు ఒడ్డు చూపించింది. లేజరు చుక్కలతో వాగులు, గట్లు, కంపచెట్లు అన్నీ అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. వాటి మధ్య నాలుగేసి కాళ్ళతో గుంపులు గుంపులుగా ఏవో నిలబడ్డాయి.

"మేకలు మేడం. పొద్దున మంద అడ్డమొచ్చింది. తీసెయ్యల్ల" అని ఒక్కొక్క మేకనూ పటంలోంచి తోలేసింది. తర్వాత నీళ్ళు. మధ్యలో తేలే చుక్కలు చేపలు, అవీ పోయాయి. అడుగు నున్నగా పరుచుకుంది. ఒకచోట మాత్రం ఆ నున్నని అడుగులోంచి ముళ్ళలాగా ఏవో నిక్కి ఉన్నాయి. ఒక వరుసలో కొన్ని, ఇంకో వరుసలో కొన్ని. ఒక వరుసలో మధ్య ఒక ఖాళీ, పన్ను ఊడినట్టు.

ఇవేమిటని అడిగాను. సూర్రావు గారు తొంగిచూసి, ఇంజను వణికినప్పుడు యంత్రం ఇలాగే ముళ్ళు గీస్తుందని, సముద్రంలో రోజూ చూసేదేనని, తీసెయ్యమని చెప్పారు. ఒండ్రు ఎక్కడైనా నిలువుగా లేచి నిలబడుతుందా? ప్రసన్న ముళ్ళన్నీ ఏరేసింది. నేను కూడా తల ఊపాను. అడుగు నా బోర్డు మీది గీతంత నున్నగా వచ్చింది, ముగ్గురమూ సంతోషించాము.

శనివారం ఉదయం ఏడింటికి జీపులో నీళ్ళ దగ్గరికి బయల్దేరాము. గంట ప్రయాణం, అందులో సగం గుంతలు. ఒడ్డుకు దగ్గర్లో సిల్వకొట్టాల అనే ఊరు. అందరూ క్రైస్తవులు, కూలీనాలీ, ఎకరం అరెకరం సేద్యం. ఇది కొత్త సిల్వకొట్టాల. పాతది డ్యాం కట్టినప్పుడు నీళ్ళ కిందికి పోయింది. ఆ ఊరిని, చర్చిని, చేలను ముంచిన నీళ్ళనే ఇప్పుడు ఒండ్రు వచ్చి ముంచుతోంది. ఎవరి పాపం వారిని తినక మానదు అనేది మా అత్తగారి మాట. మామూలుగా అది నన్ను ఉద్దేశించి అంటుంది.

ఒడ్డున నీళ్ళలో ఒక అంగుళాల కర్ర పాతి ఉంది. దాని ముందు గొడుగు కింద కూర్చున్న మనిషి గంటగంటకూ నీటిమట్టం రాస్తున్నాడు. సముద్రంలో ఆటుపోట్లకు లెక్క కట్టాలి కాబట్టి అదీ పద్ధతి. ఇక్కడ ఆటు లేదు, పోటు లేదు. ఆ మనిషి మూడు రోజులుగా ఒకే అంకె రాస్తున్నాడు. మానెయ్యొచ్చు కదా అని అడిగితే, పద్ధతి పద్ధతేనండి, ఆయ్, అన్నారు సూర్రావు గారు.

పడవ ఎక్కి ఒక గంట తిరిగాను. నాకు ఈత రాదు. ఈ మాట ఎక్కేముందు చెబితే ఎక్కనివ్వరని దిగాక చెప్పాను. దిగేసరికి ఒడ్డున ఊరి జనం గుమిగూడి ఉన్నారు. వాళ్ళ పాస్టరు అయ్యగారు ఒక పక్క, ఒక ముసలామె ఇంకో పక్క. ఆమె ముందు నేల మీద ఒక నాపరాయి పలక. మా కడప వైపు ఇళ్ళలో పరిచే మామూలు బండ, పీట అంత ఉంటుంది. ఆమె పేరు రూతమ్మ. అందరూ అయ్యగారి మాటకు తల ఊపుతున్నారు, ఆమె ఒక్కతే ఊపడం లేదు.

సంగతి ఏమిటంటే, ఏటా ఈస్టరు నాటికి డ్యాంలో నీళ్ళు దిగిపోయి పాత ఊరి సమాధులు బయటపడతాయి. తెల్లవారకముందే ఊరంతా దిగిపోయి, అక్కడే ఆరాధన చేసి వస్తారు. కిందటేడు వానలు దండిగా పడి, ఈసారి నీళ్ళు దిగలేదు. సమాధుల మీద రెండు నిలువుల నీళ్ళున్నాయి. సీమలో నీళ్ళు ఎక్కువై కష్టపడే ఊరు ఇదొక్కటే అయి ఉంటుంది. ఈసారికి చర్చి ఆవరణలోనే ఆరాధన చేద్దామని అయ్యగారు చెప్పారు. చచ్చినవాళ్ళు యాడున్నా దేవునికి తెలుసని కూడా చెప్పారు.

"దేవునికి తెలుసు, నాకు తెలియాల్నా లేదా?" అంది రూతమ్మ. ఆమె గొంతు పెంచలేదు. మా దగ్గరికి వచ్చి, మీరు నీళ్ళ అడుగు చూసేవాళ్ళంట, మా ఆయన యాడుండాడో చూపించండని అడిగింది.

సూర్రావు గారు ఆమెకు ఎంతో మర్యాదగా కుదరదని చెప్పారు. పడవ గీతలు గీసుకున్న దారిలోనే పోవాలని, ఊరివాళ్ళను ఎక్కించుకోకూడదని, పైగా ఆ చుట్టుపక్కల నిన్ననే కొలిచామని, అక్కడ ఒండ్రు తప్ప ఏమీ లేదని చెప్పారు. ఏమీ లేదనే మాటకు ఆమె మొహం చూడలేక నేను నా సంచీ విప్పి చిత్రాన్నం పెట్టాను. నాకు తెలిసిన ఓదార్పు అదే. ఆమె రెండు ముద్దలు తిని చెప్పుకుంటూ పోయింది.

నీళ్ళు ఏటా వచ్చి ఒండ్రు వేసి పోతాయట. మొదటి రెండేళ్ళలోనే సమాధులు మట్టిలో కలిసిపోబోతే, మూడో ఏడు నుంచి ఎవరి సమాధి మీద వాళ్ళు ఏటా ఒక నాపరాయి పేర్చడం మొదలుపెట్టారు. మట్టి ఒక వేలు మందం లేస్తే, సమాధి ఒక రాయి లేస్తుంది. కోడలు కాపురానికి వచ్చినా, పంట ఎండినా, ఈస్టరుకు రాయి తప్పదు.

"ఇప్పుడు ఒక్కోటి నడుమెత్తు అయినాయి. దూరం నుంచి చూస్తే మనుషులు లేసి నిలబన్నట్లుంటాయి. దానియేలుది ఒక్కటే మన్నులో కలిసిపాయ. వాని కొడుకులు బెంగుళూరికి పోయి మల్లా రాల్యా, రాయి పెట్టేటోళ్ళు ల్యారు" అంది.

దానియేలు ఎవరని అడిగాను. పక్కచేను మనిషి. రెండు చేల మధ్య గెనెం గట్టు దగ్గర అతనికీ రూతమ్మ భర్తకూ కొట్లాట, బతికినన్నాళ్ళూ మాటల్లేవు. శ్మశానంలో చోటు లేక వాళ్ళిద్దరినీ పక్కపక్కన పెట్టారు. వాళ్ళు కొట్లాడుకున్న గెనెం కూడా ఆ నీళ్ళ కిందే ఉంది.

నా పక్కన బొరుగులు తింటున్న ప్రసన్న నమలడం ఆపింది. నా వైపు చూసింది, నేనూ చూశాను. వరుసగా నిక్కిన ముళ్ళు, మధ్యలో ఒక ఖాళీ. మేకలను తోలినట్టు ఒక ఊరి శ్మశానాన్ని తోలేశాము. నాకు నిజంగా సిగ్గేసింది. అడుగు నున్నగా వచ్చిందని అందరికంటే ఎక్కువ సంతోషించినదాన్ని నేనే.

ప్రసన్న జీపులోంచి కంప్యూటరు తెచ్చి, తీసేసిన చుక్కలు మళ్ళీ తెచ్చింది. తీసేసినవి దాచిపెట్టే పద్ధతి కూడా వాళ్ళ పద్ధతుల్లో ఉన్నందుకు, గొడుగు కింద మనిషి మీద నేను వేసిన జోకులన్నీ వెనక్కి తీసుకున్నాను. సూర్రావు గారు కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు. రూతమ్మ ఆయన భుజం మీదుగా వంగి, చుక్కల మీద వేలు పెట్టకుండా గాలిలోనే లెక్కపెట్టుకుంది. ఇది పాస్టరయ్య వాళ్ళ నాయన, ఇది సారమ్మ, ఇది మా ఆయన, ఈ ఖాళీ దానియేలు.

"యంత్రం తప్పా మనం తప్పా అన్నది తేలాలండి. రేపు పొద్దున అక్కడ మళ్ళీ ఒక గీత కొలవాల్సిందే. మీకోసం కాదండీ, చెకింగు కోసం" అన్నారు సూర్రావు గారు ఎవరి మొహమూ చూడకుండా. పడవ బరువు సరిపోవడానికి ఒక ముసలమ్మ, ఒక రాయి ఉంటే మంచిదని కూడా ఆయనే తేల్చారు.

ఈస్టరు ఉదయం చీకటితోనే ఒడ్డుకు వచ్చేశాము. ముందు సర్వే పడవ, వెనక చేపలు పట్టేవాళ్ళ గుండ్రటి పుట్టి పడవల్లో అయ్యగారు, సంఘం. పడవలో నేను, ప్రసన్న, సూర్రావు గారు, తెల్లచీర కట్టుకున్న రూతమ్మ, ఆమె కాళ్ళ దగ్గర తాడు కట్టిన నాపరాయి. నీళ్ళ మీద గాలి చల్లగా ఉంది. ప్రసన్న తెర మీద చూస్తూ ఇంకొంచెం, ఇంకొంచెం అని చెబుతుంటే, సూర్రావు గారు ఇంజను ఆపారు. తెర మీద అడుగునుంచి ముళ్ళు ఒక్కొక్కటే లేచాయి. వెనక పుట్టుల్లో పాట మొదలైంది. పద్దెనిమిదేళ్ళ పిల్లలకు ఇన్నేళ్ళు సముద్రపు అడుగు గీసి చూపించాను గానీ, అడుగున మన మనుషులు ఉంటారనే ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

ఇదే చోటని చెప్పగానే రూతమ్మ రాయిని రెండు చేతులతో అంచు దాటించి తాడు వదులుతూ పోయింది. సాయం పట్టబోతే వద్దంది. అప్పుడే గాలి కొంచెం తిరిగింది, పడవ జరిగింది. రాయి అడుగుకు తగిలి తాడు వదులైంది. రూతమ్మ చేతికి చుట్టుకున్న కొస విప్పి నీళ్ళలో వదిలేసింది. సూర్రావు గారు పడవను ఒక చుట్టు తిప్పి మళ్ళీ అదే చోటుమీదుగా పోనిచ్చారు.

"ఆయన మీదనే పడిందా సారూ?" అని అడిగింది రూతమ్మ.

తెర నేనూ చూశాను. రూతమ్మ భర్త ముల్లు నిన్న ఉన్నంతే ఉంది. పక్కన ఖాళీలో, దానియేలు ఉండాల్సిన చోట, చదునైన చిన్న మిట్ట ఒకటి కొత్తగా వచ్చింది. ఇరవై ఏళ్ళుగా ఏ లోతు అడిగినా ఒక బెత్తెడు అటో ఇటో ఉండొచ్చండి అని కలపకుండా చెప్పని మనిషి సూర్రావు గారు.

"సరిగ్గా ఆయన మీదే పడిందమ్మా" అన్నారు.

తొమ్మిదింటికి లాడ్జీ ఖాళీ చేశాను. బ్యాటరీల కోసం జీపు కర్నూలు పోతోందంటే, అక్కడినుంచి కడపకు నేరుగా బస్సు దొరుకుతుందని నేనూ ఎక్కాను. సిల్వకొట్టాల మలుపు దగ్గర, రోడ్డు మీద నిలబడి ఉన్న రూతమ్మ కూడా ఎక్కింది. కర్నూలులో కూతురి ఇంటికి పండగ కూర తీసుకుపోతోంది. సూర్రావు గారు ముందుసీట్లో కూర్చున్నారు. కూర వాసన జీపంతా నిండినా చేపల పులుసు ప్రస్తావన తేలేదు. కర్నూలు బస్టాండులో మమ్మల్ని దించి, రూతమ్మకు చేతులెత్తి దండం పెట్టి వెళ్ళిపోయారు.

బెంచీ మీద నా పక్కన కూర్చుని, క్యారియరు ఒళ్ళో సర్దుకుంటూ ఆమె మెల్లగా అంది. "ఆ సారు మంచోడు. అబద్ధం చెప్పను రాదు పాపం."

నేను సంచీ మూతి ముడి బిగించాను.

"తాడు నా చేతిలోనే గదమ్మా ఉన్నింది. పక్కకు పోయింది నాకు తెల్దా? లాగుదామనుకుంటి. మల్లా అనుకుంటి, ఇన్నేండ్లలో వానికి ఒక్కరన్నా రాయి యేసినారా అని. గెనెం కాడ మా ఆయన్ది కూడా తప్పు ఉన్నింది లే." కూతురి పేటకు పోయే బస్సు వచ్చింది. లేచి, "వచ్చే ఏడు నీళ్ళు దిగితే మా ఆయనకు రెండు యేస్తా. వానికి యేసింది మాత్రం తియ్యను" అని క్యారియరు ఎత్తుకుని పోయింది.

కడప బస్సు పదకొండుంబావుకు బయల్దేరింది. నంద్యాల, ఆళ్ళగడ్డ, మళ్ళీ అదే ఎండ, ఈసారి అవతలి కిటికీలోంచి. మిగిలిన ఓళిగలు పక్కసీటు పిల్లలకు పంచాను. సంచీ ఖాళీ అయిందని చెబితే మా అత్తగారు ఈ యాత్రను విజయం కింద జమ కడుతుంది. మైదుకూరు దాటాక సెల్‌ఫోను మోగింది, ప్రసన్న. ముళ్ళు సమాధులేనని సూర్రావు గారు కాకినాడ ఆఫీసుకు చెప్పారట. సమాధులైతే మరీ మంచిది, అవి ఒండ్రు కాదు కదా, ఆఖరి పటంలో అడుగు ఒక్కటే ఉండాలి, తీసెయ్యండి అన్నారట.

"తీసేసినా మేడం. పద్ధతి ప్రకారం అడుగు మీద నిక్కినవన్నీ పోయినాయి. పాస్టరయ్య వాళ్ళ నాయన, సారమ్మ, రూతమ్మ వాళ్ళాయన, అందరూ."

"అందరూనా?"

"దానియేలు ఉండాడు మేడం. ఆయనది అడుగుకు ఒక రాయి ఎత్తే గదా, యంత్రం దాన్ని కూడా అడుగే అనుకునింది. తీయమని నన్ను అడగల్యా, నేను తీయల్యా."

కడప దగ్గర పడింది. రోడ్డు పక్కన బండల అడితీల్లో నాపరాళ్ళు ఎండకు వరుసగా ఆనించి ఉన్నాయి, రోజూ చూసేవే. బస్సు వాటిని దాటేదాకా చూస్తూ కూర్చున్నాను. సిల్వకొట్టాల శ్మశానం నుంచి సర్కారు పటంలోకి ఎక్కింది ఒకే ఒక్క సమాధి, అది ఏళ్ళ తరబడి ఎవరూ రాయి వెయ్యనిది.